ఆలస్యంగా వచ్చిన ఏడో స్టాటిన్

ఎఫ్‌డీఏగా అందరికీ తెలిసిన అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2003 ఆగస్టు 12వ తేదీన రోసువాస్టాటిన్ అనే మందుకు అనుమతి ఇచ్చేనాటికి, రక్తంలో కొలెస్ట్రాల్‌ను తగ్గించే అదే కోవకు చెందిన మాత్రలు ఆ దేశంలో అప్పటికే ఆరు వచ్చి ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రాణాల మీదికి తెచ్చి రెండేళ్ల ముందే వైదొలగగా, మిగిలిన అయిదూ వైద్యుల చీటీలలో స్థిరపడిపోయాయి. ఫైజర్ కంపెనీ లిపిటార్ పేరుతో అమ్ముతున్న అటోర్వాస్టాటిన్ అప్పటికి ప్రపంచంలోని మందులన్నిటిలోకీ ఎక్కువ అమ్ముడుపోతున్న మందు కాగా, మెర్క్ కంపెనీవారి జోకార్, అనగా సింవాస్టాటిన్, దానికి గట్టి పోటీదారుగా ఉండేది. అటువంటి కిక్కిరిసిన అంగడిలోకి క్రెస్టార్ అనే వ్యాపార నామంతో ఏడో సరుకును దించిన ఆస్ట్రాజెనెకా కంపెనీకి ఎదురైన ప్రశ్న చాలా సూటిది: పనిచేసే మందులు ఇన్ని ఉండగా వైద్యుడు కొత్తదాన్ని ఎందుకు రాయాలి? ఆ ప్రశ్నకు కంపెనీ ఒక అంకెతో జవాబు చెప్పింది. ఆ అంకె చెప్పినదానికీ, రోగి గుండెకు నిజంగా ఒనగూరినదానికీ మధ్య ఎంత దూరముందో తేలడానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు పట్టింది.

కొలెస్ట్రాల్ అనగానే విషమన్న భావం జనంలో పాతుకుపోయింది గానీ, అది లేకుండా ఏ కణమూ నిలబడదు. కణం చుట్టూ ఉండే పొరకు పటుత్వమిచ్చేది అదే; కొవ్వును అరిగించే పిత్తరసానికీ, స్త్రీ పురుష హార్మోన్లకూ, డి విటమిన్‌కూ ముడిసరుకు కూడా అదే. మైనం వంటి ఈ పదార్థం నీటిలో కరగదు కనుక రక్తంలో తనంతట తాను ప్రయాణించలేక, ప్రోటీన్ తొడుగు గల అతిసూక్ష్మమైన గోళాలలో సర్దుకుని పోతుంది. లైపోప్రోటీన్లు అనే ఈ గోళాలలో సాంద్రత తక్కువగా ఉండే రకాన్ని ఎల్‌డీఎల్ అంటారు. రక్తపరీక్ష చేయించుకున్నవారి చేతికి వచ్చే లిపిడ్ ప్రొఫైల్ కాగితం మీద ‘చెడు కొలెస్ట్రాల్’గా పేరుపడ్డ వరుస దీనిదే. రక్తంలో ఈ గోళాల సంఖ్య మితిమీరినప్పుడు అవి ధమని గోడ లోపలి పొర కిందికి చొరబడి అక్కడే చిక్కుకుపోతాయి. వాటిని తొలగించడానికి వచ్చిన తెల్లకణాలు వాటిని మింగి ఉబ్బి తామూ అక్కడే చనిపోతాయి. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్న గార ఏదో ఒక రోజున పగిలితే, ఆ పగులు మీద నిమిషాలలో రక్తం గడ్డకట్టి నాళాన్ని మూసివేస్తుంది. అది గుండె కండరానికి రక్తం తీసుకుపోయే నాళమైతే గుండెపోటు, మెదడుకు పోయేదైతే పక్షవాతం.

శరీరానికి కావలసిన కొలెస్ట్రాల్‌లో అధికభాగం తిండి నుంచి రాదు, శరీరమే తయారుచేసుకుంటుంది. ఆ తయారీలో కాలేయానిది పెద్ద పాత్ర. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగేందుకు కాలేయ కణాల ఉపరితలం మీద గ్రాహకాలు అనే ప్రోటీన్ కొక్కేలు ఉంటాయని, కణంలోపల కొలెస్ట్రాల్ నిల్వ తగ్గినప్పుడల్లా కణం ఈ కొక్కేలను ఎక్కువగా మొలిపిస్తుందని టెక్సస్‌లోని డల్లాస్ నగరంలో పరిశోధన సాగించిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ నిరూపించి 1985లో నోబెల్ బహుమతి పొందారు. స్టాటిన్ల కిటుకంతా ఈ ఏర్పాటులోనే ఉంది. కణంలో కొలెస్ట్రాల్ తయారీ దాదాపు ముప్పై మెట్లలో జరుగుతుంది. వాటిలో తొలి దశలోని ఒక మెట్టును నడిపే ఎంజైము, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీన్, మొత్తం ఉత్పత్తి ఎంత ఉండాలో నిర్ణయిస్తుంది. హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఈ ఎంజైమును స్టాటిన్ అడ్డుకోగానే కాలేయ కణానికి సొంత సరుకు కరవై, కొరత తీర్చుకోవడానికి ఉపరితలం మీద మరిన్ని కొక్కేలను నిలిపి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటుంది. మాత్ర పనిచేసేది కాలేయంలో, ఫలితం కనిపించేది రక్తంలో.

ఈ అడ్డుకట్ట మొట్టమొదట దొరికింది బూజులో. జపాన్‌లోని సాంక్యో కంపెనీలో పనిచేసిన అకిరా ఎండో, తమను తినవచ్చే సూక్ష్మజీవుల నుంచి కాపాడుకోవడానికి శిలీంధ్రాలు కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే రసాయనాలను స్రవిస్తాయేమోనన్న ఊహతో 1971 నుంచి ఆరు వేలకు పైగా శిలీంధ్రాలను, సూక్ష్మజీవులను గాలించగా, క్యోటో నగరంలో ఒక ధాన్యపు దుకాణం నుంచి తెచ్చిన బియ్యం మీద పెరిగిన నీలి ఆకుపచ్చ బూజు ఆ ఊహను నిజం చేసింది. డబ్బా అడుగున బూజు పట్టిన బియ్యాన్ని మొహం చిట్లించి పారబోయడమే ఎరిగిన మనుషులకు అందులోంచి ఇన్ని కోట్ల డాలర్ల వ్యాపారం పుట్టిందంటే వింతగానే ఉంటుంది. ఎండో వేరుచేసిన కాంపాక్టిన్ మందుగా అంగడికి రాలేదు; జంతువులపై జరిపిన పరీక్షల్లో కణితుల అనుమానం కలగడంతో సాంక్యో దాన్ని పక్కన పెట్టింది. మెర్క్ కంపెనీ మరొక శిలీంధ్రం నుంచి తీసిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించడంతో స్టాటిన్ల యుగం మొదలైంది.

తరువాతివి వరసగా వచ్చాయి: 1991లో ప్రవాస్టాటిన్, సింవాస్టాటిన్, తరువాత పూర్తిగా రసాయన సంశ్లేషణతో తయారైన ఫ్లూవాస్టాటిన్, 1996 చివర అటోర్వాస్టాటిన్, 1997లో సెరివాస్టాటిన్. వీటి ప్రతిష్ఠను నిలబెట్టింది 1994లో వెలువడిన స్కాండినేవియా దేశాల పరీక్ష. అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మందిపై జరిగిన ఆ పరీక్షలో సింవాస్టాటిన్ వాడినవారిలో మొత్తం మరణాలు 30 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ తగ్గిస్తే ఆయుష్షు నిలుస్తుందా అన్న పాత వివాదం దాంతో చాలావరకు సద్దుమణిగింది. అయితే ఆ ఫలితాన్ని సంపాదించినది సింవాస్టాటిన్. దాని తరువాత వచ్చిన ప్రతి స్టాటినూ ఆ పేరుప్రతిష్ఠల్లో తన వాటా ముందుగానే కోరింది. ఇంట్లో ఒక కొడుకు పరీక్ష పాసైతే ఊరంతా ఆ ఇంటి పిల్లలందరూ తెలివైనవారే అనుకున్నట్లుగా సాగింది ఈ వ్యవహారం. లిపిటార్ కూడా మొదటి ఏళ్లలో అంగడిని గెలుచుకున్నది ఎల్‌డీఎల్‌ను ఇతరులకన్నా ఎక్కువగా తగ్గించడం ద్వారానే. గుండెపోట్లను తగ్గిస్తుందన్న పెద్ద ఆధారాలు దానికి తరువాత సమకూడాయి. ఆస్ట్రాజెనెకా చూసి నేర్చుకున్న పాఠం ఇదే.

రోసువాస్టాటిన్ పుట్టినది జపాన్‌లోని ఒసాకా నగరానికి చెందిన షియోనోగి కంపెనీ ప్రయోగశాలలో. దాన్ని ప్రపంచమంతటా అమ్ముకునే హక్కును 1998లో బ్రిటన్‌కు చెందిన జెనెకా కొనుక్కుంది. మరుసటి ఏడే ఆ కంపెనీ స్వీడన్‌కు చెందిన ఆస్ట్రాతో కలిసి ఆస్ట్రాజెనెకా అయింది. ఆ సంస్థను పోషిస్తున్న ఒమెప్రజోల్ అనే ఆమ్లపిత్తపు మందు పేటెంటు అమెరికాలో 2001లో గడువు తీరడంతో, దాని స్థానాన్ని నింపగల పెద్ద సరుకు కంపెనీకి అత్యవసరమైంది. సరుకు మాత్రం నిజంగానే దిట్టమైనదని ఒప్పుకోక తప్పదు. స్టాటిన్లన్నిటికీ తల భాగం ఒకటే: ఎంజైము సహజంగా పట్టుకోవలసిన అణువును పోలిన నకలు తాళం చెవి. తేడా అంతా చెవి వెనుక ఉండే పిడిలో ఉంటుంది. రోసువాస్టాటిన్ పిడిలో గంధకం, ఆక్సిజన్ కలిసిన ఒక చిన్న రసాయన గుంపును షియోనోగి శాస్త్రజ్ఞులు అమర్చారు. ఆరు స్టాటిన్లు ఎంజైము గుంటలో కూర్చున్న తీరును ఎక్స్‌రే కిరణాల సాయంతో చిత్రించి డల్లాస్‌కే చెందిన ఈవా ఇస్త్వాన్, యొహాన్ డైసెన్‌హోఫర్ 2001లో ప్రచురించిన చిత్రాల్లో ఈ అమరిక మహిమ తేటతెల్లమైంది. ఎంజైము గొలుసులో 568వ స్థానంలో ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం తన విద్యుదావేశపు చేతిని చాచి రోసువాస్టాటిన్‌లోని ఆ గంధకపు గుంపును పట్టుకుంటుంది. ఇతర స్టాటిన్లకు ఈ పట్టు లేదు. అదనంగా దొరికిన ఆ ఒక్క పట్టు వల్ల మందు ఎంజైమును మరింత గట్టిగా అంటిపెట్టుకుంటుంది.

ఆ గుంపువల్లే ఈ అణువుకు నీటితో పొత్తు కూడా పెరిగింది. కొవ్వులో తేలికగా కరిగే మందులు శరీరంలోని ఏ కణంలోకైనా చొరబడగలవు. నీటికి దగ్గరైన రోసువాస్టాటిన్ మాత్రం తనను మోసుకుపోయే రవాణా ప్రోటీన్లు ఉన్న కణాల్లోకే, ప్రధానంగా కాలేయ కణాల్లోకే, బాగా ప్రవేశిస్తుంది. కాలేయపు ఎంజైముల చేతిలో ఇది పెద్దగా మార్పుచెందకపోవడం మరొక సదుపాయం; ఎరిత్రోమైసిన్ వంటి మందులు తోడైనప్పుడు సింవాస్టాటిన్ రక్తంలో ప్రమాదకరంగా పెరిగినట్లు ఇది పెరగదు. రక్తంలో సగానికి తగ్గడానికి 19 గంటలు పడుతుంది కనుక, రాత్రిపూటే వేసుకోవాలన్న పాత స్టాటిన్ల నియమం దీనికి వర్తించదు.

ఇక ఆ అంకె సంగతి. స్టెల్లార్ అనే పేరుతో ఆస్ట్రాజెనెకా సొమ్ముతో జరిగి 2003లోనే వెలువడిన పోలిక పరీక్షలో 2,431 మందికి నాలుగు స్టాటిన్లను వేర్వేరు మోతాదుల్లో ఆరు వారాలపాటు ఇచ్చి, ఎల్‌డీఎల్ ఎంత తగ్గిందో కొలిచారు. రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములతో 46 శాతం, 20తో 52 శాతం, 40తో 55 శాతం తగ్గగా, అటోర్వాస్టాటిన్ 10తో 37 శాతం, దాని గరిష్ఠ మోతాదైన 80తో 51 శాతం తగ్గింది. సింవాస్టాటిన్ 10 మిల్లీగ్రాములకు 28 శాతం, ప్రవాస్టాటిన్ 10కి 20 శాతం మాత్రమే దక్కాయి. ఈ అంకెలను పక్కపక్కన పేర్చిన రంగుల పట్టికలు వైద్యుల బల్లల మీదికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. పట్టికలో ఏ గడిని చూసినా కొత్త మాత్రదే పైచేయి.

అయితే అదే పట్టికను ఎడమ నుంచి కుడికి కాస్త నిదానంగా చదివితే మరో సంగతి బోధపడుతుంది. 10 నుంచి 20కి మోతాదు రెట్టింపైనప్పుడు రోసువాస్టాటిన్ అదనంగా తగ్గించినది 6 శాతం; 20 నుంచి 40కి పోతే మరి 3 శాతం. అటోర్వాస్టాటిన్ కథా అంతే. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ సుమారు 6 శాతమే అదనంగా తగ్గుతుందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సూత్రం. ఎంజైమును అణచినకొద్దీ కణం ఆ లోటు పూడ్చుకోవడానికి అదే ఎంజైమును మరింతగా తయారుచేసుకోవడమే ఇందుకు కారణం. మంచి ఫలితంలో సింహభాగం మొదటి చిన్న మాత్రతోనే వచ్చేస్తుంది. ఆపైన పెంచే ప్రతి మిల్లీగ్రాముకు దక్కేది తక్కువ, మోయవలసిన భారం ఎక్కువ. గడపదాటి లోపలికి రావడానికి బలాన్నే గుర్తింపుగా చూపిన మందుకు ఈ సూత్రం కొంచెం ఇబ్బందికరమైనదే.

ఆ భారం ఏమిటో అందరికీ గుర్తుచేయడానికి సెరివాస్టాటిన్ ఉండనే ఉంది. బేయర్ కంపెనీ బేకాల్ పేరుతో అమ్మిన ఆ ఆరో స్టాటిన్, ముఖ్యంగా ఎక్కువ మోతాదులోను, జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో కొవ్వు మందుతో కలిపి వాడినప్పుడూ, కండరాలను కరిగించివేసేది. రాబ్డోమయోలిసిస్ అనే ఈ స్థితిలో కండర కణాలు చితికి, వాటిలోని ఎర్రని ప్రోటీన్ రక్తంలోకి పొంగి మూత్రపిండాల సన్నని గొట్టాలను పూడ్చివేస్తుంది. మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. అమెరికాలో 31 మరణాలు నమోదైన తరువాత బేయర్ 2001 ఆగస్టులో ఆ మందును వెనక్కి తీసుకుంది. రోసువాస్టాటిన్ దరఖాస్తు ఎఫ్‌డీఏ పరిశీలనలో ఉండగా జరిగిన ఈ పరిణామం దాని రాకను ఆలస్యం చేసింది. 80 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్న కొందరిలో కండర నష్టం, మూత్రంలో ప్రోటీన్ పోవడం కనిపించడంతో కంపెనీ ఆ మోతాదును తానే వదులుకుని, 12 వేల మందికి పైగా రోగుల సమాచారాన్ని ముందుంచింది. 2003 జూలైలో సమావేశమైన నిపుణుల సంఘం ఏకగ్రీవంగా అనుకూలమని చెప్పగా, 5 నుంచి 40 మిల్లీగ్రాముల వరకు నాలుగు మోతాదులకు అనుమతి వచ్చింది. 40 మిల్లీగ్రాముల మాత్రను, 20తో ఫలితం చాలనివారికే వాడాలన్న షరతు పెట్టారు.

అనుమతి వచ్చిన రెండు నెలలకే లండన్ నుంచి వెలువడే ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హార్టన్, స్టాటిన్ల యుద్ధంలో ఆస్ట్రాజెనెకా వెనక్కి తగ్గాలని శీర్షికలోనే చెబుతూ ఘాటైన సంపాదకీయం రాశారు. ఆరు వారాల రక్తపరీక్ష ఫలితాలు తప్ప గుండెపోట్లు తగ్గిస్తుందన్న నిదర్శనం ఒక్కటీ లేని మందును, దశాబ్దకాలపు ఆధారాలున్న మందులకు బదులుగా రాయమని ఒత్తిడి చేయడం తగదన్నది ఆయన వాదనలోని సారం. కంపెనీ అధిపతి టామ్ మెకిలప్ అంతే తీవ్రంగా బదులిచ్చారు. 2004 మార్చిలో పబ్లిక్ సిటిజన్ అనే వినియోగదారుల సంస్థ ఈ మందును నిషేధించాలని ఎఫ్‌డీఏకు అర్జీ పెట్టుకోగా, ఇతర స్టాటిన్ల కన్నా దీనివల్ల కండరాలకు కలిగే ప్రమాదం ఎక్కువన్న ఆధారం లేదంటూ ఎఫ్‌డీఏ 2005 మార్చిలో దాన్ని తోసిపుచ్చింది. కాలం ఈ విషయంలో ఎఫ్‌డీఏ పక్షానే నిలిచింది. బేకాల్ గతి క్రెస్టార్‌కు పట్టలేదు. హార్టన్ లేవనెత్తిన అసలు ప్రశ్న మాత్రం అప్పటికి న్యాయమైనది. ఎల్‌డీఎల్ అంకె దానికదే ఆరోగ్యం కాదు, ఆరోగ్యానికి బదులుగా కొలిచే గుర్తు మాత్రమే; అటువంటి గుర్తును ఆధారం చేసుకుని వచ్చిన మందు అసలు లక్ష్యాన్ని ఛేదిస్తుందో లేదో పరీక్షించి చూపే బాధ్యత తెచ్చినవారిదే.

ఆ బాధ్యతను ఆస్ట్రాజెనెకా తీర్చిన పద్ధతి తెలివైనది. పాత స్టాటిన్లు ఏలుతున్న రాజ్యంలో కాకుండా, ఎవరూ అడుగుపెట్టని చోట పరీక్ష పెట్టింది. ఎల్‌డీఎల్ 130 మిల్లీగ్రాములకు లోపే ఉండి, గుండెజబ్బు, మధుమేహం లేకుండా, శరీరంలో వాపు ప్రక్రియను సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ మాత్రం ఎక్కువగా ఉన్న 17,802 మందిని 26 దేశాల నుంచి ఎంపిక చేసి, సగం మందికి 20 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. జూపిటర్ అనే పేరుగల ఈ పరీక్షకు సారథ్యం వహించిన బోస్టన్ వైద్యుడు పాల్ రిడ్కర్ పేరు, సీఆర్‌పీ కొలమానానికి సంబంధించిన పేటెంట్లలో ఆవిష్కర్తగా ఉంది. ఆ సంగతిని పరిశోధన పత్రంలోనే వెల్లడించారు. మధ్యస్థంగా 1.9 ఏళ్లకే పరీక్షను ఆపివేసి, 2008 నవంబరులో ఫలితాలు ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు ఉత్తుత్తి మాత్ర వర్గంలో 251 మందికి, మందు వర్గంలో 142 మందికి కలిగాయి. పత్రికల శీర్షికలకెక్కినది 44 శాతం తగ్గుదల. అదే సంగతిని మరో విధంగా చెబితే, వెయ్యి మందిలో 28 మందికి రావలసిన ఆపద 16 మందికి వచ్చింది. మధుమేహం వచ్చినట్లు వైద్యులు నమోదు చేసినది వెయ్యికి 24 మంది నుంచి 30 మందికి పెరిగింది. తగ్గుదలను చెప్పే రెండు తీరులూ నిజాలే; కానీ మందులషాపు దాకా వెళ్లేటప్పుడు 44 శాతం ముందు నడుస్తుంది, 28, 16 అన్న లెక్క ఇంట్లోనే ఉండిపోతుంది.

తరువాతి పరీక్షలు ఈ బొమ్మకు వెలుగునీడలు చేర్చాయి. గుండె బలహీనపడిన వృద్ధులపై 2007లోను, డయాలిసిస్ మీద ఉన్న రోగులపై 2009లోను వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో ఎల్‌డీఎల్ 40 శాతానికి పైగా పడిపోయినా, కొలవదలచిన ప్రధాన ఫలితంలో చెప్పుకోదగ్గ మేలు కలగలేదు. జబ్బు ముదిరి మరణానికి వేరే కారణాలు మోపైన దశలో గార సంగతి చూసే మందు చేయగలిగింది స్వల్పం. అదే సమయంలో, వేర్వేరు స్టాటిన్లతో జరిగిన 26 పరీక్షల్లోని సుమారు 1,70,000 మంది వివరాలను క్రోడీకరించి 2010లో ప్రచురించిన విశ్లేషణ, ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ ఏటా జరిగే పెద్ద ప్రమాదాలు సుమారు అయిదోవంతు తగ్గుతున్నాయని తేల్చింది. అంటే అంకెకు విలువ ఉంది. ఆ అంకె ఏ మాత్రతో తగ్గిందన్నదానికి మాత్రం అంత విలువ ఉన్నట్లు లేదు. ఈ అనుమానాన్ని ముఖాముఖి పోటీలే తీర్చాలి. 2011లో వెలువడిన సాటర్న్ పరీక్షలో 1,039 మంది గుండె ధమనుల్లోకి అల్ట్రాసౌండ్ గొట్టాన్ని పంపి, రెండేళ్ల గరిష్ఠ మోతాదు వాడకం తరువాత గార ఎంత కరిగిందో కొలిస్తే, రోసువాస్టాటిన్‌కు 1.22 శాతం, అటోర్వాస్టాటిన్‌కు 0.99 శాతం వచ్చింది. గణాంకశాస్త్రం ఆ తేడాను తేడాగా గుర్తించలేదు. దక్షిణ కొరియాలో 4,400 మంది గుండెజబ్బు రోగులను మూడేళ్లు గమనించి 2023లో ప్రచురించిన లోడ్‌స్టార్ పరీక్షలో మరణం, గుండెపోటు, పక్షవాతం, నాళాల శస్త్రచికిత్స కలిపి లెక్కిస్తే రోసువాస్టాటిన్ వర్గంలో 8.7 శాతం, అటోర్వాస్టాటిన్ వర్గంలో 8.2 శాతం. కొత్త మందు ఎల్‌డీఎల్‌ను ఒక పిసరు ఎక్కువ తగ్గించింది. మందులు వాడవలసినంత మధుమేహం కూడా దానితోనే కొంచెం ఎక్కువగా, 5.3 శాతానికి బదులు 7.2 శాతం మందికి, వచ్చింది.

వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండేవారికి, అటోర్వాస్టాటిన్ పడనివారికి, మందులు అనేకం వాడుతూ వాటి మధ్య పేచీలు రాకుండా చూసుకోవలసినవారికి రోసువాస్టాటిన్ నిజమైన అదనపు ఆయుధమన్నది కాదనలేనిది. కానీ ఆస్ట్రాజెనెకా ఖజానాకు అది తెచ్చిన ఫలితం ఈ పరిమితమైన ఉపయోగాన్ని మించిపోయింది. 2011లో క్రెస్టార్ అమ్మకాలు 660 కోట్ల డాలర్లు. ఆ ఏడాది నవంబరు 30న అమెరికాలో లిపిటార్ పేటెంటు రక్షణ తొలగి చౌక జెనరిక్ మాత్రలు వచ్చిన తరువాత కూడా, క్రెస్టార్ తన పేటెంటు అండతో మరి నాలుగేళ్లకు పైగా అదే ధీమాతో అమ్ముడుపోయింది.

ఆ పేటెంటును సవాలు చేసినవారిలో తెలుగు నేల మీది కంపెనీ ఒకటి ఉంది. భారతదేశపు 1970 నాటి పేటెంటు చట్టం మందుల విషయంలో తయారీ విధానానికే తప్ప అణువుకు పేటెంటు ఇవ్వని కారణంగా, హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమ, అంటే మాత్రకు ప్రాణమైన ముడి ఔషధాన్ని తయారుచేసే పరిశ్రమ, స్టాటిన్లలో ఆరితేరింది. 2006లో జోకార్ పేటెంటు ముగిసినప్పుడు మెర్క్ అనుమతితో అమెరికాలో ఆ మందు జెనరిక్‌ను అమ్మినది డాక్టర్ రెడ్డీస్. రోసువాస్టాటిన్ పేటెంటు చెల్లదంటూ అమెరికా కోర్టులో పోరాడిన కంపెనీలలో అరబిందో ఫార్మా ఉంది. డెలావేర్ కోర్టు 2010లోను, అప్పీలు కోర్టు 2012లోను పేటెంటుదారు పక్షానే తీర్పు చెప్పాయి. చివరికి 2016 జూలైలో ఎఫ్‌డీఏ ఒకేసారి పలు జెనరిక్‌లను అనుమతించినప్పుడు అరబిందో మాత్ర కూడా అమెరికా అంగడిలో అడుగుపెట్టింది. అక్కడ కోర్టులో నలిగిన అదే మాత్ర ఇక్కడ ఏ వీధి చివర మందులషాపులోనైనా కొన్ని రూపాయలకే దొరుకుతుంది.

దొరకడం సులువైనప్పుడు మోతాదు మీద శ్రద్ధ సడలడమూ సులువే. 2005లో ఎఫ్‌డీఏ పబ్లిక్ సిటిజన్ అర్జీని తోసిపుచ్చిన నెలలోనే, ఈ మందు కరపత్రంలో ఒక మార్పు చేయించింది. ఒకే మోతాదు ఇచ్చినప్పుడు ఆసియా మూలాలున్నవారి రక్తంలో ఈ మందు తెల్లవారి కన్నా దాదాపు రెట్టింపు స్థాయికి చేరుతున్నట్లు పరీక్షల్లో తేలడమే అందుకు కారణం. సింగపూరులో ఒకే పరిసరాల్లో నివసించే నాలుగు జాతులవారికి ఒకే మాత్ర ఇచ్చి కొలిచినప్పుడు, తెల్లవారితో పోలిస్తే చైనీయుల్లో 2.31 రెట్లు, మలయీల్లో 1.91 రెట్లు, భారతీయ సంతతివారిలో 1.63 రెట్లు మందు రక్తంలో కనిపించింది. మందును కణాల నుంచి బయటికి తోసే, కాలేయంలోకి మోసే రవాణా ప్రోటీన్ల జన్యువుల్లోని తేడాలు ఇందుకు కొంతవరకు కారణమని తరువాతి పరిశోధనలు సూచించాయి. అమెరికా, కెనడాల్లో స్థిరపడిన దక్షిణాసియా సంతతికి చెందిన 740 మందిపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో 10 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 45 శాతం, అటోర్వాస్టాటిన్ 40 శాతం తగ్గించాయి; 20 మిల్లీగ్రాములకు పోయేసరికి తేడా 50కి 47కు కుదించుకుపోయి, గణాంకాల లెక్కలో నిలవలేదు. స్టెల్లార్ అంకెలతో పోల్చి చూస్తే, రక్తంలో మందు ఎక్కువగా నిలిచినంత మాత్రాన ఎల్‌డీఎల్ మరింత తగ్గలేదన్నమాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారికి అక్కడి వైద్యుడు ఈ మందు మొదలుపెట్టేటప్పుడు, అక్కడి కరపత్రం ప్రకారం ఆలోచించవలసిన తొలి మోతాదు 5 మిల్లీగ్రాములు. క్రెస్టార్‌ను గెలిపించిన స్టెల్లార్ పరీక్షలో పోటీకి నిలిచిన రోసువాస్టాటిన్ మోతాదులు 10, 20, 40, 80. అందులో 5 లేదు.